రెండో తూటా

ఒకటి పేలుతది. రెండోది రాదు.
ఉప్పునుంతల అవతల పల్లిచేన్ల,
పంచాయతి తీర్మానం కాయితం జేబుల పెట్టుకొని కూసున్న రాత్రి
పందులు గుంపుగ దిగినయి.
నా తుపాకి ఒక్కసారి దగ్గి ఊకున్నది.
టార్చి పట్టిన మల్కయ్య నా దిక్కు చూసిండు.
పందులు గూడ చూసినయేమో అనిపించింది.

తన పొగ తానే మింగే జాతి ఇది.
పేలిన పొగలకెల్లి గుక్కెడు వెనక్కి పీల్చి
ఆ ఊపుతోనే ఉత్త డొల్లను ఉమ్మేసి
తర్వాతిదాన్ని నోట్లెకు ఎత్తుకుంటది.
గొట్టం మీద పిస్టను, పిస్టను మీద ఒక ఉక్కు రింగు,
పురిటిపిల్ల కడియమంత.
అది విరిగింది.
ఊపిరంత సందుల్లకెల్లి పోతున్నది.

రెండు ముక్కలు బీడీకట్ట కాయితంల చుట్టుకొని
పాలమూరు బస్సెక్కిన.
గడియారం చౌరస్తా వెనుక జబ్బార్ మిస్త్రీ
భూతద్దం కంటికి బిగించి కంపెనీ పేరు చదవబోయిండు.
అరిగిపోయింది.
నంబరు చదవబోతే రెండంకెలు మిగిలినయి.
"చేసినోళ్లు అమ్ముకున్నరు, కొన్నోళ్లు మూసుకున్నరు.
లేతు మీద గుండ్రంగ తీసిస్త గని హవల్దార్ సాబ్,
గుండ్రం ఒక్కటే సాలదు దానికి.
ఆ ఉక్కుకు పదును పట్టించుడు నాకు రాదు.
మీ మొఖం కాడ పేలేదానికి నేను అబద్ధం చెప్పను."
చాయ్ తాపి పంపిండు. పైసలు ముట్టలేదు.

హైదరాబాదుల అద్దాల దుకాణం పిలగాడు మాత్రం
"సేమ్ టు సేమ్ సార్" అని పదిహేను వందలు తీసుకున్నడు.
ఇంటికొచ్చి ఎక్కించిన.
అదే గుండ్రం, అదే మెరుపు,
గోటిమందం వెడల్పెక్కువ.
లోపలికి పోయింది గని కూసోలేదు,
లగ్గమైనంక గూడ మాట కలవని వియ్యంకుని లెక్క.

మూన్నెల్లకు జబ్బారే ఫోన్ చేసిండు:
"గద్వాల భీంరెడ్డికి ఇసొంటిదే ఉండె. ఏటేట నేనే తుడిచేటోన్ని."
భీంరెడ్డి పోయి పదకొండేండ్లు. తుపాకి ఠాణాల జమ.
ఠాణాల దాన్ని ముట్టే హక్కు నాకు లేదు.
విడి సామాను ఏమన్న మిగిలిందేమో అడుగుదామని పోయిన.

ఆయన భార్య అనసూయమ్మ,
మగ్గం చప్పుడు వినొచ్చే సందుల, అరుగు మీద
చింతపండు గింజ తీస్తున్నది.
నేను చెప్పేది సగమే విన్నది.
బీర్వల చూస్త అని లేచి
నడుములకెల్లి తాళాల గుత్తి తీసింది.
నేను చెప్పుడు ఆపిన.

బీర్వ తాళం, కొట్టం తాళం,
పెట్టె పోయినా మిగిలిన పెట్టె తాళం,
అన్నీ ఒక చీలిక ఉక్కు రింగుకు.
చీలిక కాడ ఎర్ర దారం పది చుట్లు.
"ఆయన పొగాకు డబ్బల ఉండె. ఎందుకో తెల్వదు.
ఉత్తగ ఎందుకు పడుండాలె అని..."

కొలత పెట్టి చూసిన. వెంట్రుకవాసి తేడా లేదు.
తాళాలు ఒరిసిన కాడ సన్నని గీత, అంతే.
ఎంతియ్యాలె అంటే
"మరి తాళాలు దేంట్ల ఎయ్యాలె?" అన్నది.

జేబుల హైదరాబాదు రింగు ఉన్నది.
ఎర్ర దారం విప్పి, అదే దారం దీనికి చుట్టి,
పండ్లతోని ముడి బిగించింది.
చెవి కాడ గలగలలాడించి చూసింది.
"ఇదే గట్టిగున్నది" అన్నది.
ధర ఆమెకు చెప్పలేదు.

నూనె రాసి ఎక్కించిన. కూసున్నది.
ఏడు రాత్రులైంది, చేనుగట్టు మీదనే ఉన్నం.
ఉత్తగ గాలిలకు పేల్చుడు నా చేతికి అలవాటు లేదు,
ఒక్కొక్క తూటాకు లెక్క చెప్పాలె.
రెండోది వస్తదో రాదో ఇంక తెల్వదు.
పందులైతే వస్తలేవు.
"సామాను దొరికిందని వాటికెవలు చెప్పిన్రో"
అని మల్కయ్య టార్చి ఆర్పి
బ్యాటరీ మిగిలిచ్చుకుంటున్నడు.